ఖాళీ హార్డ్ డిస్కులతో కాయిన్లు: చియానా, సిగ్నమా, ఫైల్‌కాయినా, స్టోర్జా?

స్టూడియో_సూరి

నమస్కారం అందరికీ. మాది రాజమండ్రిలో పెళ్లి వీడియోల స్టూడియో. డెలివరీ అయిపోయిన ఫుటేజ్‌ని ఏడాది దాటాక తీసేస్తాం. అలా 8 టీబీ డిస్కులు నాలుగు ఖాళీ అయ్యాయి. అమ్మితే పెద్దగా రాదు, ఊరికే బీరువాలో పెట్టడానికి మనసొప్పడం లేదు. ఎడిటింగ్ పీసీ ఎలాగూ చాలా రాత్రిళ్లు రెండరింగ్‌లో ఆన్‌లోనే ఉంటుంది. డిస్కులతో కూడా క్రిప్టో కాయిన్లు తీయొచ్చు, చియా పెట్టు అని మా బావమరిది. చియా పనైపోయింది, ఫైల్‌కాయిన్ చూడు అని ఇంకో ఫ్రెండ్. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. కొత్తగా డబ్బు పెట్టే ఉద్దేశం లేదు. ఉన్న 32 టీబీతో ఏం చేయొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

చియా_చిన్నోడు

సూరి గారూ, మీ బావమరిది చెప్పిందే కరెక్ట్. ఎవరి అనుమతీ అడక్కుండా, ఎవరికీ డిపాజిట్ కట్టకుండా ఈ రాత్రే మొదలుపెట్టాలంటే చియాయే దారి. బిట్‌టొరెంట్ తయారుచేసిన బ్రామ్ కోహెన్ 2017లో ఈ కంపెనీ పెట్టాడు. మెయిన్‌నెట్ (అసలు కాయిన్లు నడిచే నెట్‌వర్క్) 2021 మార్చి 19న మొదలైంది.

బిట్‌కాయిన్ మెషీన్లు రాత్రీ పగలూ హాష్‌లు (ఒకరకం లెక్కలు) వేస్తూ కరెంటు తాగుతాయి. ఇక్కడ లెక్క ఒక్కసారే వేసి డిస్క్ మీద రాసి ఉంచుతాం. దాన్నే ప్లాటింగ్ అంటారు, అలా రాసిన ఫైలే ప్లాట్. ఆ తర్వాత సుమారు తొమ్మిది సెకన్లకోసారి నెట్‌వర్క్ ఒక ప్రశ్న వేస్తుంది. ఫిల్టర్ ఉంటుంది కాబట్టి అన్ని ప్లాట్లనూ వెతకాల్సిన పనిలేదు. మొదట్లో 512 ప్లాట్లలో ఒకటి చొప్పున దాన్ని దాటేది, 2024 జూన్ నుంచి 256లో ఒకటి. దాటిన ప్లాట్‌లో ఏడు చోట్ల చదివితే మన అదృష్టం ఏమిటో, అంటే కొత్త బ్లాక్ (లావాదేవీల కట్ట) గెలిచి కాయిన్లు వస్తాయో లేదో తెలిసిపోతుంది. మిగతా టైమంతా డిస్క్ ఊరికే తిరుగుతూ ఉంటుంది. కే-32 అనే మామూలు సైజు ప్లాట్ ఒకటి 108.8 జీబీ. మీ ఒక్కో డిస్కులో 73 పడతాయి, నాలుగూ కలిపి 292.

పాతబర్స్ట్

చియా మీద నాకు గౌరవం ఉంది. కానీ డిస్క్ మైనింగ్ 2021లోనే పుట్టిందన్నట్టు రాస్తే బాధేస్తుంది. బర్స్ట్‌కాయిన్ 2014 ఆగస్టులో వచ్చింది. ప్రీమైన్ (ముందే తమకోసం కాయిన్లు తీసిపెట్టుకోవడం) లేదు, ఐసీఓ (మొదట్లోనే కాయిన్లు జనానికి అమ్మడం) లేదు. మొదలుపెట్టినవాడు తన పేరు కూడా చెప్పలేదు, కొన్నాళ్లకు కనబడకుండా పోయాడు. అయినా వాడేవాళ్లే దాన్ని నిలబెట్టారు. 2021 నుంచి సిగ్నమ్ అనే పేరుతో నడుస్తోంది.

పద్ధతి చూడండి, ఎంత శుభ్రంగా ఉంటుందో. 256 కేబీ ముక్క ఒకటి నాన్స్. అందులో 64 బైట్ల స్కూపులు 4096. షబాల్ హాష్‌తో ఇవన్నీ ముందే వేసి డిస్కులో పెడతాం. నాలుగు నిమిషాలకో బ్లాక్. ఈసారి చదవాల్సిన స్కూపు నంబరు ఏదో బ్లాకే చెబుతుంది. అంటే డిస్కులో 4096వ వంతు చదివితే సరిపోతుంది. సూరి గారి 32 టీబీకి అది 8 జీబీ లోపే. దాంట్లోంచి డెడ్‌లైన్ (ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే అంకె) వస్తుంది, ఎవరి డెడ్‌లైన్ తక్కువైతే బ్లాక్ వాళ్లది. చియా కంపెనీ మొదటిరోజే 2 కోట్ల 10 లక్షల కాయిన్లు తన దగ్గర పెట్టుకుంది. రైతులు (చియా డిస్కులు నడిపేవాళ్లను అలాగే అంటారు, ఆ పనిని ఫార్మింగ్ అంటారు) రోజుకు 9216 చొప్పున మూడేళ్లు కష్టపడితే వచ్చింది సుమారు కోటి. ఈ తేడా కొత్తవాళ్లకు చెప్పకుండా ఉండటం న్యాయం కాదు.

చియా_చిన్నోడు

అన్నా, ప్రీఫార్మ్ (కంపెనీ ముందే పెట్టుకున్న ఆ కాయిన్లు) మీద మీ అభ్యంతరం నాకూ ఉంది, దాన్ని సమర్థించను. కానీ టెక్నికల్‌గా బర్స్ట్‌లో రెండు రంధ్రాలున్నాయి.

మొదటిది, డిస్కులో అంతా రాసుకోకుండా కొంత అప్పటికప్పుడు లెక్కేసి మోసం చేసే వీలు. అందుకే కదా 2018లో ప్లాట్ ఫార్మాట్‌ను పీఓసీ-2 అనే కొత్త రకానికి మార్చాల్సి వచ్చింది. రెండోది ఇంకా లోతైనది. డిస్క్ చదవడం చాలా చవక కాబట్టి, ఒకే ప్లాట్లతో పది రకాల చెయిన్లు (బ్లాకుల వరుసలు) ఒకేసారి కట్టి చూసుకోవచ్చు. పాత చరిత్రను తిరగరాయొచ్చు. బిట్‌కాయిన్‌లో ఇలా చేయాలంటే పదింతల కరెంటు కావాలి, డిస్క్ కాయిన్‌లో అదనంగా పెద్ద ఖర్చేమీ ఉండదు. చియా దీనికి టైమ్‌లార్డ్‌లనే కంప్యూటర్లను పెట్టింది. బ్లాక్‌కీ బ్లాక్‌కీ మధ్య ఒక లెక్క వరుసగా, ఒకదాని తర్వాత ఒకటిగా చేయాల్సిందే. వంద మెషీన్లు తెచ్చినా తొందరగా తెమలదు. స్థలంతోపాటు కాలాన్ని కూడా రుజువు చేయించడం అంటే ఇదే.

పాతబర్స్ట్

రెండో పాయింట్ ఒప్పుకుంటున్నాను. అది నిజంగా గొప్ప పని.

అమీర్‌పేట_అడ్మిన్

నేను డేటా సెంటర్లో స్టోరేజ్ చూస్తాను, ఆ వైపు నుంచి అడుగుతున్నా. మీరిద్దరూ చెప్పే కాయిన్లలో డిస్క్ నిండా ఉండేవి ఏమిటి? ఎవరికీ అక్కరలేని అంకెలు. 32 టీబీ నిండా అంకెలు రాసి, వాటిని ఏళ్ల తరబడి కాపలా కాసి, అందులో ఏడు చోట్ల చదవడం. ఒక స్టోరేజ్ మనిషికి ఇది చూస్తే కడుపు రగులుతుంది.

ఫైల్‌కాయిన్ ఉద్దేశం వేరు. ప్రోటోకాల్ ల్యాబ్స్ 2017లో అమ్మకం పెట్టి సుమారు 25 కోట్ల డాలర్లు సేకరించింది, 2020 అక్టోబర్‌లో మెయిన్‌నెట్ వచ్చింది. అక్కడ వేరేవాళ్ల డేటా దాచాలి. దాచానని మాటతో సరిపోదు. ఆ కాపీ ప్రత్యేకంగా మన దగ్గరే ఉందని సీలింగ్ (డేటాను మన కాపీకే ప్రత్యేకమైన రూపంలోకి మార్చడం) చేసి రుజువు ఇవ్వాలి. ఇంకా ఉందని ప్రతి 24 గంటలకూ మళ్లీ రుజువు ఇవ్వాలి. ఇవ్వకపోతే పెనాల్టీ. నా దృష్టిలో డిస్క్ కాయిన్ అంటే ఇలా ఉండాలి.

కానీ సూరి గారికి మాత్రం ఇది చెప్పను. ఒక్క 32 జీబీ సెక్టార్ (డేటా ముక్క) సీల్ చేయడానికి పదకొండు పొరలు కట్టాలి, మధ్యలో 350 జీబీకి పైగా తాత్కాలిక స్థలం కావాలి. 128 జీబీ ర్యామ్, షా హాష్ లెక్కల్ని వేగంగా చేసే సూచనలున్న ప్రాసెసర్, మంచి జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) కావాలి. పైగా ఫిల్ కాయిన్లు కొని తాకట్టు పెట్టాలి. బ్లాక్ గెలిచే పోటీలోకి రావాలంటే కనీసం 10 టీబీ సీల్ అయి ఉండాలి. ఇంట్లో పెట్టుకునేది కాదు.

పాతబర్స్ట్

అడ్మిన్ గారూ, ఒక ప్రశ్న. ఫైల్‌కాయిన్‌లో కమిటెడ్ కెపాసిటీ సెక్టార్లు అని ఉన్నాయి కదా. వాటిలో ఎవరి డేటా ఉంది?

అమీర్‌పేట_అడ్మిన్

ఎవరిదీ లేదు. నింపడానికి పెట్టిన డేటానే. నెట్‌వర్క్ 2022లో 15 ఎక్సాబైట్లు దాటినప్పుడు అందులో పెద్ద భాగం అదే. నిజమైన డేటా రావాలనే ఫైల్‌కాయిన్ ప్లస్ పెట్టారు, ధ్రువీకరించిన డేటా దాస్తే పవర్ (బ్లాక్ గెలిచే బలం) పదింతలు లెక్కిస్తారు. పదింతల లాభం ఉందంటే దాని చుట్టూ ఆశపరులు చేరతారు, చేరారు. ధ్రువీకరించే మనుషుల మీద భారం పడింది. ఇదంతా తెలిసే చెబుతున్నాను. లోపం ఉంది కానీ దిశ సరైనది. చియా దిశలో ఎంత దూరం నడిచినా ఒక్క మనిషి ఫొటో కూడా ఎక్కడా భద్రంగా ఉండదు.

చియా_చిన్నోడు

దిశ అంటే గుర్తొచ్చింది. 2020 అక్టోబర్‌లో ఫైల్‌కాయిన్ మొదలైన వారంలోనే చైనాలో పెద్ద మైనర్లు కొత్త సెక్టార్లు ఆపేశారు. తాకట్టుకి కాయిన్లు కావాలి, సంపాదించిన కాయిన్లేమో 180 రోజులపాటు కొద్దికొద్దిగా విడుదలవుతాయి. అప్పుడు నిబంధన మార్చి 25 శాతం వెంటనే ఇచ్చారు. డబ్బున్న మైనర్లకే ఊపిరాడనప్పుడు ఇంటి మనిషి ఎక్కడ? చియాలో ప్లాట్ పనికిరానిదే, ఒప్పుకుంటాను. దాని పని డేటా దాచడం కాదు, చెయిన్‌కి కాపలా కాయడం. కాపలావాణ్ణి వంట కూడా చేయమని అడగం కదా.

లెక్కల_మాస్టారు

సిద్ధాంతం తర్వాత మాట్లాడుకుందాం, ముందు సూరి గారి డిస్కుల లెక్క వేద్దాం.

32 టీబీ అంటే 29.1 టెబీబైట్లు (1024 చొప్పున లెక్కించే టీబీ). చియా నెట్‌వర్క్ మొత్తం 20 ఎక్సిబైట్లు, అంటే ఒక్కోటి పది లక్షల టెబీబైట్ల పైమాటే, అనుకుందాం (పెట్టే రోజున అసలు అంకె చూసుకోండి). మీ వాటా పది లక్షల్లో 1.4 వంతు. రోజుకు 4608 బ్లాకులు. గుణిస్తే సగటున 156 రోజులకు ఒక బ్లాక్. 2024 మార్చిలో బహుమతి సగమైంది కాబట్టి బ్లాకుకు ఒక ఎక్స్‌సీహెచ్ (చియా కాయిన్). సగటు మాత్రమే సుమా, అదృష్టం లేకపోతే ఏడాదిన్నర కూడా రాకపోవచ్చు. పూల్‌లో (చాలామంది కలిసి తీసి పంచుకునే గుంపులో) చేరితే ఆ ఒడిదుడుకు తగ్గుతుంది, సగటు మాత్రం పెరగదు.

కరెంటు: ఒక్కో డిస్క్ 7 వాట్లు, నాలుగుకి 28. రోజుకు 0.67 యూనిట్, 156 రోజులకు 105 యూనిట్లు. షాపు మీటర్ కాబట్టి యూనిట్ పది రూపాయలనుకుంటే 1050. అంటే ఒక ఎక్స్‌సీహెచ్ ధర 1050 రూపాయలు దాటితేనే డిస్కుల కరెంటు ఖర్చు వెనక్కి వస్తుంది. రెండరింగ్ లేని రోజుల్లో కూడా పీసీ ఆన్‌లో ఉంచితే ఆ ఖర్చు దీనికి రెండింతలో మూడింతలో అదనం. 2021 మేలో వెయ్యి డాలర్లు దాటిన కాయిన్ ఏడాది తిరిగేసరికి యాభై డాలర్ల కిందికి వచ్చింది. ధర ఎటైనా పోవచ్చు, అది నేను చెప్పను. ఈ 1050 మాత్రం కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకోండి.

కాకినాడ_సీఏ

మాస్టారి లెక్కకు ఒక వరుస కలపండి. 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో క్రిప్టో అమ్మకం లాభం మీద 30 శాతం పన్ను, సెస్ అదనం. అదే ఏడాది జూలై నుంచి 1 శాతం టీడీఎస్. ఇవి చాలామందికి తెలుసు. తెలియనిది ఇంకోటి ఉంది. కొన్న ధర తప్ప వేరే ఏ ఖర్చూ మినహాయించరు. మైనింగ్‌కి పెట్టిన మౌలిక సదుపాయాల ఖర్చు కొన్న ధర కిందికి రాదని కేంద్ర ప్రభుత్వం 2022 మార్చిలో లోక్‌సభకు చెప్పింది. కాబట్టి డిస్కుల ఖరీదు, కరెంటు బిల్లు చూపించి పన్ను తగ్గించుకోవడం కుదరదు. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో కోయడం కూడా కుదరదు.

స్టూడియో_సూరి

ఇంత లెక్క ఉందని అస్సలు అనుకోలేదండీ. మాస్టారూ, సీఏ గారూ, థాంక్స్. ఇంకో సందేహం: ప్లాటింగ్ చేస్తే ఎస్ఎస్‌డీ పాడవుతుందని ఎక్కడో చదివాను. మా ఎడిటింగ్ పీసీలో ఉన్నది ఒక్కటే ఎస్ఎస్‌డీ.

వరంగల్_వాసు

ఆ ఎస్ఎస్‌డీ మీద మాత్రం ప్లాటింగ్ చేయకండి అన్నా. 2021లో వచ్చిన మొదటి సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ప్లాట్ తయారవ్వడానికి తాత్కాలిక డ్రైవ్ మీద ఒకటిన్నర టీబీకి పైగా రాత పడేది. 600 టీబీ రాతకు వారంటీ ఉన్న డ్రైవ్ నాలుగొందల ప్లాట్లకు ముందే దాన్ని దాటేస్తుంది. మీకు 292 ప్లాట్లు కావాలి. అప్పట్లో చైనాలో ఒక ఎస్ఎస్‌డీ కంపెనీ మైనింగ్‌కి వాడితే వారంటీ ఇవ్వమని ప్రకటించింది. జర్మనీలో హెట్జ్‌నర్ అయితే తన సర్వర్లలో చియా ప్లాటింగ్‌ని నిషేధించింది. తర్వాత మ్యాడ్‌మ్యాక్స్ ప్లాటర్ వచ్చాక రాతలో కొంత భాగం ర్యామ్‌కి మళ్లించే వీలు దొరికింది, బ్లేడ్‌బిట్ వచ్చాక మొత్తం ర్యామ్‌లోనే. కానీ దానికి 416 జీబీ ర్యామ్ కావాలి.

ఇంకో సంగతి. 2021 జూలైలో అధికారిక పూల్ పద్ధతి వచ్చింది. దానికి ముందు వేసిన ప్లాట్లు ఆ పూల్స్‌లో పనికిరావు. మార్చి నుంచి నెలల తరబడి రాసినవాళ్లు మళ్లీ మొదటినుంచి రాయాల్సి వచ్చింది. అంటే అదే ఎస్ఎస్‌డీ మీద రెండోసారి భారం. హాంకాంగ్, వియత్నాం లాంటి చోట్ల షాపుల్లో పెద్ద డిస్కులు దొరక్క ధరలు పెరిగిన రోజులవి. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఆ విషయంలోనే. పర్యావరణానికి మేలైన పచ్చని డబ్బు అని చెప్పి, మొదటి మూడు నెలల్లో ఎన్ని ఎస్ఎస్‌డీలు చెత్తలో పడ్డాయో ఎవరూ లెక్క చెప్పలేదు.

లెక్కల_మాస్టారు

వాసు చెప్పింది విన్నాక నేను ఎప్పటినుంచో అనుకుంటున్నది రాస్తాను. ఈ కాయిన్లన్నీ ఒకే మాటతో మొదలయ్యాయి: మీ దగ్గర ఖాళీగా ఉన్న డిస్క్ చాలు. ఒక్కదాంట్లో కూడా డిస్క్‌తోనే సరిపోలేదు.

సిగ్నమ్ చూడండి. 2021లో పీఓసీ ప్లస్ అనే నిబంధన తెచ్చింది, డిస్క్ ఎంతున్నా దానికి తోడు కాయిన్లు కమిట్ చేస్తేనే అవకాశం పెరుగుతుంది. బర్స్ట్ తరహాలోనే చైనా నుంచి వచ్చిన బీహెచ్‌డీ అనే కాయిన్ కూడా కాయిన్లు తాకట్టు పెడితేనే పూర్తి బహుమతి ఇస్తానంది. ఫైల్‌కాయిన్‌లో తాకట్టూ ఉంది, సర్వర్ కూడా కావాలి. చియాలో మొదట ఎస్ఎస్‌డీ వచ్చింది, తర్వాత ర్యామ్, ఆ తర్వాత గిగాహార్స్ లాంటి సాఫ్ట్‌వేర్ చేసే కంప్రెస్డ్ (కుదించిన) ప్లాట్లతో జీపీయూ. అదే డిస్కులో జీపీయూ ఉన్నవాడు ఎక్కువ ప్లాట్లు పట్టించగలడు, చదివేటప్పుడు కార్డుతో విప్పుకుంటాడు. మామూలు ప్లాట్లు పెట్టే సూరి గారి 32 టీబీ, పక్కవాడి 32 టీబీతో సమానం కాదు.

ఇది ఏ ఒక్కరి చెడ్డ బుద్ధీ అనుకోను. డిస్క్ కొన్నాక ఖర్చు చాలా తక్కువ. ఖర్చు తక్కువ ఉన్నచోట మోసానికీ ఖర్చు తక్కువే. ఆపాలంటే ఇంకో ఖరీదైన వస్తువు తేవాలి, అది కాలమో, కాయినో, సర్వరో. మరోవైపు బహుమతి ఉన్నంతకాలం డిస్క్ బదులు లెక్కతో పని కానిచ్చేవాడు పుడుతూనే ఉంటాడు.

చియా_చిన్నోడు

మాస్టారూ, జీపీయూ సంగతి కంపెనీ కూడా గుర్తించింది. కంప్రెస్ చేసి లాభం పొందడం కష్టమయ్యేలా కొత్త ప్లాట్ ఫార్మాట్ మీద పని పెట్టుకున్నారు. ఫిల్టర్ 512 నుంచి 256కి రావడం కూడా ఇందుకే, ఎక్కువసార్లు చదవాల్సి వస్తే లెక్కతో నడిపేవాడికి కరెంటు మోత పెరుగుతుంది. దీన్ని వైఫల్యం అంటే ఒప్పుకోను. ఏ చెయిన్‌కైనా ఇలాగే పోరాటం ఉంటుంది.

వరంగల్_వాసు

కొత్త ఫార్మాట్ అంటే మళ్లీ రీప్లాటింగేనా?

చియా_చిన్నోడు

అవును. పాతవి దశలవారీగా ఆగిపోతాయి.

డాలస్_దీప

సూరి గారూ, మీ అవసరం వింటుంటే వీటన్నిటికంటే స్టోర్జ్ నయమనిపిస్తోంది. అది చెయిన్ నడిపే డిస్క్ కాదు, బ్లాక్ గెలవడం, అదృష్టం ఏమీ ఉండవు. కస్టమర్ల ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయి ముక్కలుగా వస్తాయి. దాచిన దానికీ, తిరిగి దింపుకున్న దానికీ లెక్కగట్టి ఈథీరియం మీద నడిచే స్టోర్జ్ టోకెన్లలో ఇస్తారు. కొత్త డిస్కులు కొనకండి, ఉన్నవే వాడండి అని వాళ్లే చెబుతారు. నేను ఇక్కడ ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద నడుపుతున్నాను. అడ్మిన్ గారు అడిగిన ఉపయోగం ఇందులో ఉంది. నా డిస్కులో ఉన్న ప్రతి ముక్కా ఎవరికో కావలసినదే.

ముందే తెలుసుకోవాల్సినవి కూడా చెబుతాను. మొదటి మూడు నెలలు సంపాదనలో 75 శాతం పట్టి ఉంచుతారు, తర్వాతి మూడు నెలలు 50, ఆ తర్వాతి మూడు 25. పదిహేను నెలలయ్యాక అందులో సగం తిరిగిస్తారు, మిగతా సగం నోడ్ (డేటా దాచే మన మెషీన్) సక్రమంగా మూసి వెళ్లేటప్పుడు. డిస్క్ ఒక్కరోజులో నిండదు, నెలలు పడుతుంది. ఒకే ఐపీ (ఇంటర్నెట్ అడ్రస్) శ్రేణిలో నోడ్లు ఎన్ని ఉన్నా ఒక్కటిగానే చూసి డేటా పంచుతారు, కాబట్టి నాలుగు డిస్కులూ పెడితే నాలుగింతలు రాదు. అన్నిటికంటే ముఖ్యం, పీసీ రాత్రిళ్లే ఆన్ అంటే కుదరదు. ఆఫ్‌లైన్ ఎక్కువైతే నోడ్‌ని సస్పెండ్ చేస్తారు.

అమీర్‌పేట_అడ్మిన్

దీప గారి మాటతో ఏకీభవిస్తున్నాను. కరెంటు పోతే డేటాబేస్ పాడవకుండా యూపీఎస్ తప్పనిసరి. ఇంకో మాట, నాలుగు డిస్కులకూ ముందు స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్క) తీయండి. పెండింగ్ సెక్టార్లు (సరిగా చదవలేని చోట్లు) కనబడితే ఆ డిస్క్ దేనికీ పనికిరాదు.

గుంటూరు_గోపి

నాకు డిస్కులు లేవు, సెకండ్ హ్యాండ్‌లో కొందామనుకుంటున్నా. చియా మానేసినవాళ్లవి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో చవగ్గా దొరుకుతాయంటున్నారు. కొనొచ్చా?

అమీర్‌పేట_అడ్మిన్

ఫార్మింగ్‌లో తిరిగిన డిస్క్ మీద రాత తక్కువ, గంటలు ఎక్కువ. చల్లటి గదిలో ఉంటే బాగానే ఉండొచ్చు. సమస్య అదికాదు, ఆ గంటలు దాచి అమ్మడం. 2025 జనవరిలో జర్మనీ పత్రిక హైజె ఈ వ్యవహారం బయటపెట్టింది. కొత్తవని అమ్మిన సీగేట్ డిస్కులు అప్పటికే వేల గంటలు తిరిగినవని, స్మార్ట్ లెక్క సున్నా చేసి ఉందని తేలింది. చైనాలో మూసేసిన చియా ఫార్మ్‌ల నుంచి వచ్చాయని అనుమానం. అవి తాము అమ్మినవి కావని కంపెనీ చెప్పింది. ఆ డిస్కుల్లో ఫార్మ్ లాగ్ అని (చియా ఫార్మ్ కాదు, సీగేట్ సొంత లెక్క) వేరేగా ఉంటుంది, స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రాం కొత్త వెర్షన్‌తో చదవొచ్చు. షాపులోనే ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడండి. స్మార్ట్ గంటలు, ఫార్మ్ గంటలు ఒకటి కాకపోతే తీసుకోకండి.

పాతబర్స్ట్

గోపీ, ఫార్మింగ్ కోసమే కొనేటట్టయితే మాత్రం వద్దు తమ్ముడూ. పైన మాస్టారి లెక్క మళ్లీ చదువు. ఉన్న డిస్క్ వేరు, కొనే డిస్క్ వేరు.

స్టూడియో_సూరి

అందరూ ఇంత ఓపికగా చెప్పినందుకు చాలా థాంక్స్. రాత్రి స్మార్ట్ రిపోర్ట్ తీశాను. ఒక డిస్కులో పెండింగ్ సెక్టార్లు ఉన్నాయి, దాన్ని పక్కన పెట్టేశాను. రెండు డిస్కుల్ని ఫుటేజ్ రెండో కాపీకి వాడాలని నిర్ణయించుకున్నా. ఇంతవరకూ పెళ్లి ఫుటేజ్ ఒకే డిస్కులో ఉంచుతున్నాం, డెలివరీకి ముందు అది పోతే కస్టమర్‌కి నేనేం చెప్పాలి? మిగిలిన ఒక్కదాంతో స్టోర్జ్ చూస్తాను. షాపులో సీసీటీవీ కోసం ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న పీసీ ఉంది, దానికి యూపీఎస్ కూడా ఉంది. రౌటర్‌లో 28967 పోర్ట్ ఓపెన్ చేశాను కానీ బయటనుంచి నోడ్ కనబడట్లేదు. ఏం చేయాలి దీప గారూ?

డాలస్_దీప

రౌటర్ పేజీలో వాన్ ఐపీ (ప్రొవైడర్ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) ఎంత ఉందో చూడండి. 100.64కి, 100.127కి మధ్య మొదలైతే మీది సీజీనాట్. అంటే మీ ప్రొవైడర్ చాలామందికి కలిపి ఒకే ఐపీ ఇస్తున్నాడు, మీ రౌటర్‌లో పోర్ట్ తెరిచినా లాభం లేదు. పబ్లిక్ ఐపీ అడిగి చూడండి, కొందరు ఉచితంగా ఇస్తారు. నెలకు డబ్బు కట్టమంటే మాత్రం కట్టకండి, ఒక్క డిస్క్ సంపాదన దానికి చాలదు.

స్టూడియో_సూరి

100.72తో మొదలవుతోంది. సోమవారం ఆఫీసుకు వెళ్లి అడుగుతాను.

చియా_చిన్నోడు

వాళ్లు ఇవ్వకపోతే చెప్పండి సూరి గారూ. చియా పూల్‌కి పోర్ట్ ఓపెన్ చేయాల్సిన పని లేదు, సీజీనాట్ వెనక కూడా నడుస్తుంది. ఒక డిస్కుకి 73 ప్లాట్లే కాబట్టి తాత్కాలిక డ్రైవ్‌గా ఏదైనా పాత హార్డ్ డిస్క్ వాడొచ్చు. నెమ్మదిగా అయినా అవుతుంది, మీ ఎస్ఎస్‌డీని ముట్టుకోనక్కర్లేదు.